రెండు గీతల కింద

కిందటి వారం మనం ఈ కథను ఆసుపత్రి మేడమీద, దుప్పట్ల గది గుమ్మంలో వదిలిపెట్టి వచ్చాం. నాలుగు రోజులు ఊరిని ఉడకబెట్టిన ఎండ ఆ గురువారం తెల్లవారేసరికి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది. గాలి తిరిగింది. మబ్బు పట్టింది. తొమ్మిది దాటాక చినుకులు కూడా మొదలయ్యాయి. కింద ఎండదెబ్బ వార్డులో పదకొండు మంచాలు ఖాళీ అయ్యాయి. గోడకు అంటించిన కార్డు అలాగే చెయ్యమంటోంది మరి: ‘ఎండ విరిగిన రోజున, జ్వరం లేకుండా నడవగలిగిన వారిని ఇంటికి పంపవచ్చు.’

ఆ కార్డు రాసిన నలుగురూ ఇప్పుడు పైన గదిలో ఉన్నారు.

దుప్పట్లూ దిండుగలీబులూ మడతపెట్టే గది అది. ప్రతి గురువారం మధ్యాహ్నం రెండింటికి అక్కడ ఒకరి పని ఒకరికి నేర్పుకుంటారు. ఎండలు ఏటేటా ముదురుతుంటే మనుషుల ఒంట్లో ఏం జరుగుతోందో ఏ ఒక్క ఉద్యోగానికీ పూర్తిగా తెలియదు, తలా కాస్త తెలుసు. ఆ తలా కాస్తనూ ఒకచోట పెడదామని ఎనిమిది నెలల కిందట డాక్టరమ్మ మొదలుపెట్టింది. వయసు ముప్పై దాటలేదు. మాటకు ముందే తల పనిచేసే రకం. రెండో మనిషి ఆడవాళ్ల వార్డు పెద్ద సిస్టర్. గురువారం ఆమెకు సెలవు. అయినా ఒక్క వారమూ మానలేదు. మూడో మనిషి అంబులెన్సు నడిపే ఆయన. బండికి సైరన్ ఉన్నా ఎప్పుడూ వెయ్యడు, దానికంటే ఆయన నోరే ముందు చేరుతుందని అందరూ హారన్ బాబాయ్ అంటారు. నాలుగో మనిషి వాతావరణం ఆఫీసులో పరిశీలకుడు. పెళ్లయినా చావయినా ప్రతి పొద్దునా సరిగ్గా ఎనిమిదిన్నరకు పరికరాల పెట్టె ముందు నిలబడి ఉండాల్సిందే కాబట్టి ఆయనకు ఎనిమిదిన్నర గారు అని పేరు పడింది. ఆయనా ఆ పేరుకు పలుకుతారు.

ఆ గదికి ఒకటే నియమం. ఎవరి పుస్తకం వాళ్లు చదవకూడదు. మొదటి రోజున ఎనిమిదిన్నర గారే పెట్టారు దాన్ని. మనిషి తన పుస్తకం తాను చదివేటప్పుడు రాసింది చదవడనీ, తెలిసింది చదువుతాడనీ ఆయన వాదన. అందుకని వార్డు పుస్తకం డాక్టరమ్మ చదివింది, బండి పుస్తకం సిస్టర్ చదివింది, వాతావరణం పుస్తకం బాబాయ్ చదివాడు. గడిచిన నాలుగు వేసవుల పుస్తకాల్ని అలా చదివి, పొడవాటి కాగితపు పట్టీల మీదికి ఎక్కించారు. రోజుకొక గీత. ఎండ హద్దు దాటిన రోజుల దగ్గర ఎర్ర పెన్సిలు. దాని పక్క పట్టీ మీద, ఎండదెబ్బతో పోయినవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కొక్క గుండీ. ఆ గదిలో చొక్కాల గుండీలకు కొదవ లేదు. వార్డు పుస్తకంలో పగటివాళ్లు నీలం సిరాతోనూ, రాత్రివాళ్లు నల్ల సిరాతోనూ రాస్తారు. డాక్టరమ్మ కూడా దాన్నిబట్టి పగలు పోయినవాళ్లకు తెల్లగుండీ, రాత్రి పోయినవాళ్లకు నల్లగుండీ పెట్టింది. మొత్తం అరవై ఏడు. యాభై ఎనిమిది నల్లవి, తొమ్మిది తెల్లవి.

బట్టలు మడతపెట్టే బల్ల ఈ చివరనుంచి ఆ చివరదాకా నాలుగు వేసవులూ పరుచుకుని ఉన్నాయి. నల్లగుండీలన్నీ ఎర్ర గీతల మీదే కూర్చున్నాయి. ఎర్ర ఎక్కడ ఆగితే అవీ అక్కడే ఆగాయి. ఆ పొందిక చూసే కార్డు రాశారు. తొమ్మిది తెల్లగుండీల్లో చాలావరకు ఎర్రకు ఒక గీత కింద, ఎవరికీ చెందనట్టు ఒంటరిగా ఉండేవి. డాక్టరమ్మ వాటిని దారి తప్పినవి అనేది.

ఆ గురువారం ఎనిమిదిన్నర గారు ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఈ ఏడాది పుస్తకం తెచ్చారు. అంతవరకూ ఆ గదిలోకి పాత పుస్తకాలే వచ్చాయి. గాలి తిరిగిన తీరు బాగుంది, చూపిద్దామని తెచ్చానన్నారు. టీ గ్లాసులు పంచడం అయ్యాక బాబాయ్ కళ్లజోడు ముక్కు చివరికి దించుకుని, గీతల మీద వేలు జరుపుతూ చదవడం మొదలుపెట్టాడు. సోమవారం నలభై రెండు. మంగళవారం నలభై మూడు. బుధవారం నలభై మూడున్నర. వేలు కిందికి జరిగింది.

"గురువారం. అంటే ఇవాళ. నలభై నాలుగున్నర."

అని ఆగాడు. కిటికీలోంచి చూశాడు. చూరునుంచి నీటిచుక్కలు ఒకదాని వెనక ఒకటి జారుతున్నాయి. మళ్లీ పుస్తకంలోకి చూశాడు.

"ఎనిమిదిన్నర గారూ, నేను గంట కిందట వైపర్ వేసుకుని వచ్చాను. ఈ నలభై నాలుగున్నర ఎవరింట్లోనండీ?"

డాక్టరమ్మ నవ్వింది. పెద్ద సిస్టర్ కూడా నవ్వబోయింది. ఎనిమిదిన్నర గారు మాత్రం నవ్వలేదు. అది నిన్నటిదని చెప్పారు, మంచినీళ్లు ఎక్కడున్నాయో చెప్పినంత మామూలుగా.

"మరి ఇవాళ్టి గీత మీద రాశారేం?"

"చదివింది ఇవాళే కదయ్యా."

ఆయన నిదానంగా విడమరిచి చెప్పారు. పగటి వేడిని పట్టే గాజుగొట్టంలో పాదరసం ఎంత ఎత్తుకు ఎక్కితే అక్కడే ఆగిపోతుంది. ఎండ తగ్గినా అది దిగదు. మర్నాడు పొద్దున్న ఎనిమిదిన్నరకు తాను వెళ్లి అది ఎక్కడ ఆగిందో చూసి, ఆ పూట తేదీ మీద రాసి, గట్టిగా విదిలించి కిందికి దింపి మళ్లీ పెడతారు.

పెద్ద సిస్టర్ కుడిచెయ్యి తనంతట తానే మణికట్టు దగ్గర చిన్నగా కదిలింది. పంతొమ్మిదేళ్లుగా జ్వరం చూసే గాజుపుల్లను ఆమె విదిలిస్తోంది అలాగే. ఊరి జ్వరం చూసే ఆయనా, ఒంటి జ్వరం చూసే తనూ ఇన్నాళ్లూ ఒకే విదిలింపుతో బతుకుతున్నారన్న సంగతి ఆమెకు ఆ క్షణాన తెలిసింది. 

డాక్టరమ్మ గ్లాసు కింద పెట్టేసింది. పాత పుస్తకాల్లో కూడా అంతేనా అని అడిగింది. ఆఫీసు పెట్టినప్పటినుంచీ అంతేనన్నారు ఆయన. తన ముందువాళ్లు అంతే, వాళ్ల ముందువాళ్లు అంతే.

"ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా చెప్పలేదేం సార్?"

ఎనిమిదిన్నర గారు బాబాయ్ చేతిలోంచి పుస్తకం అందుకుని మూశారు. అబద్ధం చెప్పే మనిషి కాదు. సాకు వెతికే మనిషీ కాదు.

"చెప్పాల్సిన సంగతని నాకు తట్టలేదమ్మా. ఎండ మాటకొస్తే నాకు ఇవాళంటే నిన్నే. ముప్పై ఆరేళ్లుగా అంతే."

పొద్దున్న ఎనిమిదిన్నరకు ఎండ ముదరదు. ఈ మనిషి ఏం కొలుస్తాడని మిగతా ముగ్గురిలో ఎవరూ అనుకోలేదు. ఆ వేళనే ఆయన పేరుగా చేసి రోజూ పిలుస్తూ కూడా అనుకోలేదు.

డాక్టరమ్మ తొందరగానే తేరుకుంది. ఒక్క గీత తేడాయే కదా అంది. ఎర్ర పట్టీని ఒక గీత పైకి జరిపితే సరిపోతుంది. అంటే మనుషులు పోతున్నది ఎండ కాసిన రోజున కాదు, దాని మర్నాడు. కార్డులో ఒక్క పూట ఆగమని రాస్తే చాలు. చెబుతూనే పెన్ను తీసింది. ఆ కార్డు కోసం ఆమె పడ్డ పాట్లు అందరికీ తెలుసు. మంచాలు చాలక మనుషుల్ని వరండాల్లో పడుకోబెట్టే ఆసుపత్రిలో, ఏ రోజున ఎవరిని ధైర్యంగా ఇంటికి పంపవచ్చో చెప్పిన మొదటి కాగితం అది. కిందటి నెల పెద్దాఫీసువాళ్లు వచ్చి మెచ్చుకుని, మిగతా ఆసుపత్రులకు కూడా పంపుతామన్నారు.

"ఒక గీత కాదు," అంది పెద్ద సిస్టర్.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. ఆమె కిటికీ పక్కన, బల్లకు ఈ చివర, ఎప్పుడూ కూర్చునే స్టూలు మీద కూర్చుని ఉంది. మొదటి వేసవి ఉన్న చివర అది.

రాత్రి డ్యూటీ ఎనిమిది గంటలకు మొదలవుతుందని ఆమె చెప్పింది. డ్యూటీ ఎక్కిన సిస్టర్ ఆ సాయంత్రం తేదీ వేసి పేజీ తెరుస్తుంది. తెల్లారి దిగేదాకా జరిగినవన్నీ ఆ తేదీ కిందే రాస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి ఒకరు పోయినా, పేజీ మాత్రం ముందురోజుదే. ఎండదెబ్బవాళ్లు రాత్రిపూట పోయేది ఎప్పుడూ పన్నెండు దాటాకే. రాత్రంతా వార్డుకు ఒకటే రోజు. పన్నెండు కొట్టగానే పేజీ తిప్పడం ఎవరికీ అలవాటు లేదు. అలా తిప్పాలని ఎవరూ చెప్పలేదు.

అంటే నల్లగుండీలు ఒక గీత పైన కూర్చున్నాయి. ఎర్ర పట్టీ ఒక గీత కింద ఉంది. రెండు పుస్తకాలూ చెరో వైపు తప్పి, మధ్యలో ఎదురుపడి, చేతులు కలుపుకుని నిలబడ్డాయి. అంత చక్కగా కలిశాయి కాబట్టే ఎవరికీ అనుమానం రాలేదు.

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది, తీసింది. తర్వాత ఆమె గొంతులోకి కొంచెం కరుకుదనం వచ్చింది. అందరు సిస్టర్లూ, నాలుగేళ్లూ, ప్రతిసారీ అలాగే రాశారని ఏమిటి నమ్మకమని అడిగింది. కొందరైనా పన్నెండు దాటాక తేదీ మార్చి ఉండరా? అలవాటు అనే ఒక్క మాట మీద ఎనిమిది నెలల పనిని కూలగొట్టమంటారా?

"నేను మిమ్మల్ని నమ్మక కాదు సిస్టర్. కానీ ఒక్క తేదీ చూపించండి. ఆ రోజు ఎండో వానో, ఆ మనిషి పోయింది ఎన్నింటికో, రెండూ పొరపాటు లేకుండా ఎవరికైనా గుర్తున్న ఒక్క తేదీ."

హారన్ బాబాయ్ గ్లాసులోకి చూస్తున్నాడు. ఆయన మాట్లాడకుండా ఉండటం ఆ గదిలో ఎవరూ అంతకుముందు చూడలేదు. చివరికి, వదిలేయండి డాక్టరమ్మా, అని మాత్రం అన్నాడు.

పెద్ద సిస్టర్ లేచింది. బల్ల వెంట నడవడం మొదలుపెట్టింది. మొదటి వేసవి దాటింది, రెండోది దాటింది. మూడోదాని దగ్గర చెయ్యి బల్ల అంచుకు ఆనించింది కానీ ఆగలేదు. ఎనిమిది నెలల్లో ఆమె ఆ చివరకు ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఫ్యాను గాలి అక్కడికి రాదని చెప్పేది. కిందటేడు వేసవి పట్టీ దగ్గరికి వెళ్లి, వెతకకుండానే, ఒక నల్లగుండీ పక్కన వేలు పెట్టింది.

"ఇది మా తమ్ముడు."

ఆ తర్వాత ఆమె చెప్పినదంతా పది మాటల్లోనే చెప్పింది. వింటున్నవాళ్లకు మాత్రం అది అంత చిన్నదిగా అనిపించలేదు. తమ్ముడు గోడౌన్ల మీద రేకులు వేసే పనివాడు. ముప్పై నాలుగేళ్లు. కిందటేడు ఇలాగే నాలుగు రోజులు ఎండ కాసింది. ఐదో రోజు, పదిహేడో తారీకు, పొద్దున్నే వాన పడింది. ఆ వానలో తడుస్తూ నడిచి ఆసుపత్రికి వచ్చాడు. ఆ పూట ఆమె డ్యూటీ బయటి రోగుల దగ్గర. ఒళ్లు నొప్పులన్నాడు, తొడలు రాళ్లలా ఉన్నాయన్నాడు, ఒంటికి వెళ్తే టీ రంగులో వచ్చిందని సిగ్గుపడుతూ చెప్పాడు. ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది.

"ఎండ పోయింది కదరా, ఇంకేం భయం, ఇంటికెళ్లి పడుకో అన్నాను. వెళ్లి పడుకున్నాడు. బాబాయ్ బండిలో మళ్లీ తెచ్చేసరికి తెల్లవారుజామున మూడున్నర. నాలుగూ పదికి పోయాడు. పద్దెనిమిదో తారీకు. వార్డు పుస్తకంలో పదిహేడు అని ఉంది, చూడండి."

డాక్టరమ్మ చూసింది. గుండీ పదిహేడో గీత మీద ఉంది. పక్క పట్టీలో పదిహేడో గీత ఎర్రగా ఉంది.

"పదిహేడున వాన," అంది పెద్ద సిస్టర్. "నా చీర అంచు తడిసి కాళ్లకు చుట్టుకుంటుంటే నిలబడి వాడితో మాట్లాడాను. ఆ గీత మీద ఎర్ర ఉండకూడదు. ఇక్కడికి ఒక్కసారి వచ్చి చూసి ఉంటే మొదటి గురువారమే తెలిసిపోయేది. ఈ నలుగురిలో ఆ రోజు వాతావరణం గుర్తున్నదాన్ని నేనొక్కదాన్నే."

 ఓదార్పు మాటలు ఎవరి నోటా రాలేదు. వచ్చి ఉంటే ఆమె ఆ గదిలో నిలబడగలిగేది కాదేమో. డాక్టరమ్మ గొంతులో కరుకుదనం లేకుండా, ఆ గుండీ తాను జరపనా అని అడిగింది.

"నేనే జరుపుతాను."

ముందు ఎనిమిదిన్నర గారు ఎర్ర పట్టీల పిన్నులు తీశారు.  నాలుగు పట్టీలనూ ఒక్కొక్కటిగా ఒక గీత పైకి జరిపి మళ్లీ గుచ్చారు. తర్వాత పెద్ద సిస్టర్ తన తమ్ముణ్ని చూపుడువేలితో పట్టి, పదిహేడు మీంచి పద్దెనిమిది మీదికి జరిపింది. ఒక వడ్లగింజంత దూరం. అంతే.

మిగతా నల్లగుండీల్ని ముగ్గురూ పంచుకున్నారు. ఒక్కొక్కదాన్నీ జరిపేటప్పుడు బాబాయ్ పెదవులు కదులుతున్నాయి. చాలామందిని తెచ్చింది ఆయనే. ఎవరెవరిని ఏ మలుపులో ఎక్కించుకున్నాడో ఆయనకు గుర్తున్నట్టుంది. ఒకచోట ఆగి, ఈయన దారంతా నాకు దారి చెప్పాడమ్మా, ఎడమకు తిప్పు కుడికి తిప్పు అని, నాకే దారి తెలీనట్టు, అన్నాడు. అని, ఆ గుండీని మిగతావాటికంటే మెల్లగా దించాడు. తెల్లగుండీల్ని ఎవరూ ముట్టుకోలేదు. పగలు పోయినవాళ్ల తేదీలు సరిగానే ఉన్నాయి కాబట్టి అవి ఉన్నచోటే ఉండాలి.

పని అయ్యాక నలుగురూ రెండడుగులు వెనక్కి వేశారు.

అప్పుడు కనిపించింది. నాలుగు వేసవుల్లో ఎండ చెలరేగిన ప్రతి చోటా, ఎర్ర మొదలైన చోటికి రెండు గీతల కింద గుండీలు మొదలయ్యాయి. ఎర్ర ఆగిన చోటికి రెండు గీతల కింద ఆగాయి. ఎర్ర పెద్దదయినచోట గుండీలు గుంపుగా ఉన్నాయి, చిన్నదయినచోట ఒకటో రెండో. ఇన్నాళ్లూ దారి తప్పాయనుకున్న ఆ తెల్లగుండీల పక్కకే నల్లగుండీలు వచ్చి చేరాయి. తొమ్మిదింటిలో ఎనిమిదికి తోడు దొరికింది. అవి దారి తప్పలేదు. ఉండాల్సిన చోట ఉండి, మిగతావాటి కోసం ఎదురుచూశాయి.

 ఆకాశం చేసే పని ఒకటి, మనిషి నెత్తురు చేసే పని ఒకటి, ఆ రెంటి మధ్యా రెండు గీతల ఖాళీ. నాలుగేళ్లుగా ఒక్కసారీ తప్పని ఖాళీ. దాన్ని ఆకాశంవైపు నుంచి ఒకరూ, నెత్తురువైపు నుంచి ఒకరూ ఎన్నాళ్లు చూసినా కనిపించేది కాదు. వైపర్ వేసుకుని వచ్చిన మనిషి ఇంకొకరి పుస్తకం చదివి, నవ్వులాటకు ఒక ప్రశ్న అడిగితే కనిపించింది. పెద్ద సిస్టర్ కళ్లు తమ్ముడి మీదే ఉన్నాయి. ఏడాదిగా వాడు ఆమె లోపల ఒక్కడే ఉన్నాడు, ఆమె అన్న ఒక్క మాటకు బలై. ఇప్పుడు వాడి పక్కన ఇంకో ఇద్దరున్నారు. వాడి పైనా కిందా, నాలుగు వేసవుల పొడవునా, వాడి లాంటివాళ్లే. బరువు తగ్గిందని ఆమెకు అనిపించలేదు. కానీ అది ఇప్పుడు చేత్తో పట్టుకోగలిగేలా ఉంది.

"ఎండ పోతుంది, ఒంట్లోంచి పోదు," అంది డాక్టరమ్మ తనలో తను. "కండ కరుగుతూనే ఉంటుంది. ఆ విషం మూత్రపిండాల్లోకి దిగడానికి ఒకటిన్నర రోజు పడుతుంది. చదివాను సిస్టర్. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఇలా ఉంటుందని తెలీదు."

ఎనిమిదిన్నర గారు ఈ ఏడాది పుస్తకం తెరిచి పెట్టుకుని, ఆ నలభై నాలుగున్నర మీద వేలు ఉంచారు. ఆయన మాట్లాడితే ఎప్పుడూ వాతావరణ సూచనలాగే ఉంటుంది.

"ఇది బుధవారం ఎండ. దీనికి రెండు గీతల కింద శుక్రవారం. అంటే, మీ వార్డు లెక్కన, ఈ రాత్రి."

డాక్టరమ్మ అప్పటికే గుమ్మం దాటింది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు కిందిదాకా వినిపించింది. ఐదు నిమిషాల్లో తిరిగి వచ్చేసరికి ఒక చేతిలో పొద్దున్న ఇంటికి పంపినవాళ్ల జాబితా ఉంది. ఇంకో చేతిలో గోడమీద ఉండాల్సిన కార్డు ఉంది. పీకిన విసురుకు దాని నాలుగు మూలలా సున్నం పెళ్లలు అంటుకుని ఉన్నాయి. సంతకం తనది కాబట్టి తప్పు తనదేనంది. పెద్ద సిస్టర్ ఆ కార్డు అందుకుని బోర్లించి బల్ల మీద పెట్టింది.

"నలుగురం రాశాం. ఆ సంగతి తర్వాత చూద్దాం. పదకొండు మందిని వెనక్కి పిలవాలి, ముందు జాబితా చదవండి."

చెయ్యి చాచి మళ్లీ వెనక్కి తీసుకుంది. ఆసుపత్రి కాగితం కాబట్టి తాను చదవకూడదు, డాక్టరమ్మా చదవకూడదు. అంత తొందరలోనూ నియమం గుర్తొచ్చింది. జాబితా ఎనిమిదిన్నర గారి చేతికి వెళ్లింది.

ఆయన పేరూ వయసూ పనీ ఊరూ చదువుతుంటే డాక్టరమ్మ ఫోను నంబర్లు కలుపుతోంది. బాబాయ్ తాను ఎవరిని ఎక్కడ దింపాడో చెబుతున్నాడు. మొదటి ఆవిడ బట్టల దుకాణం వెనక సందు. రెండో ఆయన కూతురింట్లో. మూడో ఆయనకు మళ్లీ రమ్మంటే కోపం వచ్చింది, పొద్దున్న పొమ్మని సాయంత్రం రమ్మనడానికి ఇదేమన్నా అత్తగారిల్లా అన్నాడట. అయినా వస్తానన్నాడు. అలా పదిమంది అయ్యారు. ఆరుగురు బయలుదేరారు. నలుగురి కోసం బండి వెళ్లాలి.

పదకొండో పేరు దగ్గర ఎనిమిదిన్నర గారు ఆగిపోయారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"చదవండి పెద్దాయనా," అంది పెద్ద సిస్టర్.

ఆయన చదివారు. ఇంటిపేరుతో సహా అది ఆమె తమ్ముడి పేరు. వయసు ముప్పై నాలుగు. పని, రేకులు వేయడం. కింద ఉచిత వైద్యం కార్డు నంబరు కూడా ఉంది. తమ్ముడికి ఆ కార్డు తీయించినప్పుడు నంబరు స్వయంగా రాసింది ఆమే. ఎండదెబ్బ వార్డు వేరే సిస్టర్‌ది కావడంతో, ఆ మనిషి రెండు రోజులు ఇదే ఆసుపత్రిలో ఉన్నా ఆమె కంట పడలేదు.

బాబాయ్ నెమ్మదిగా నోరు విప్పాడు. ఆ మనిషిని ఇంటి దగ్గర దింపలేదన్నాడు. గోడౌన్ మలుపు దగ్గర ఆపమన్నాడట. చల్లగా ఉంది, రెండు రోజుల పని నిలిచిపోయింది, మేస్త్రీ ఊరుకోడన్నాడట. ఆ పేరు తాను అడగలేదు, అతను చెప్పలేదు.

పెద్ద సిస్టర్ తన ఫోను తీసి మరదలికి చేసింది. తమ్ముడు పోయాక ఆ పిల్ల ఒంటరిగా, వాడు కప్పిన రేకుల ఇంట్లోనే ఉంటోంది. మూడో మోతకు ఎత్తింది. వెనక ఆ రేకుల మీద పడుతున్న వాన మోతే ఎక్కువ వినిపిస్తోంది.

"వాడి వైద్యం కార్డు ఎక్కడుందే?"

మరదలి గొంతు తగ్గింది.

"ఇచ్చాను వదినా. నీతో అంటే ఒప్పుకోవని చెప్పలేదు. ఆయన జోడీగా పైన రేకు పట్టుకునేవాడు లేడూ, పోయినేడు ఆయన్ని వీపు మీద వేసుకుని బండిదాకా మోసింది అతనే. అతని కార్డు గడువు దాటిపోయిందట. మంగళవారం పనిలో పడిపోతే ఎవరూ చేర్చుకోలేదని వచ్చాడు. కాదనలేకపోయాను."

"ఇప్పుడు ఎక్కడున్నాడు? గోడౌన్ మీదా?"

"లేదు వదినా, ఇక్కడే. కార్డు ఇచ్చేసి పోతానని పన్నెండింటికి వచ్చాడు. తొడలు పట్టేశాయి, కాసేపు నడుం వాలుస్తానన్నాడు. వసారాలో చాప వేశాను. చల్లగా ఉందేమో, హాయిగా నిద్రపోతున్నాడు."

గోడ గడియారంలో నాలుగు కావస్తోంది. బాబాయ్ తాళాలు తీసుకుని మెట్లవైపు నడిచాడు. డాక్టరమ్మ మందుల పెట్టె అందుకుంది.

"లేపు," అంది పెద్ద సిస్టర్.

ఫోనులో అడుగుల చప్పుడు, తలుపు గొళ్లెం చప్పుడు. మరదలు అతన్ని అన్నా అని పిలిచింది. కింద, ఊళ్లో ఎవరూ ఎప్పుడూ వినని బాబాయ్ సైరన్ మొదలైంది. పెద్ద సిస్టర్ ఒక చెవి గట్టిగా మూసుకుని, రెండో చెవితో ఆ రేకుల కింద వసారాలోకి వింటూ నిలబడింది. మరదలు మళ్లీ పిలిచింది. మూడోసారి పిలిచినప్పుడు ఆ పిల్ల గొంతు కిందటేడు తెల్లవారుజామున, తమ్ముడు పోయినప్పుడు విన్న గొంతులా ఉంది.